ఐదు శాతం రౌహియా

మహల్లా అనే ఊళ్ళో చొక్కాలూ ప్యాంట్లూ కుట్టి బయటి దేశాలకి పంపే ఫ్యాక్టరీ ఒకటుంది. అందులో రౌహియాకి ఉద్యోగం. ఉద్యోగమంటే మళ్ళీ మనమనుకునేది కాదు. ఆవిడకి చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడంకాలు చచ్చుబడింది, చంకలో కర్ర. నూరుమందిని పెట్టుకుంటే అందులో ఐదుగురు అవిటివాళ్ళుండాలని సర్కారు చట్టం చేసింది గదా. ఫ్యాక్టరీవాళ్ళు పేర్లు ఎక్కించుకున్నారు, కార్డులిచ్చారు, నెలనెలా ఏదో చేతిలో పెడతారు. పెట్టి ఒకటే మాట చెబుతారు. ఇంట్లో కూచోండి, ఇటు రావద్దు.

ఊళ్ళో అవిటివాళ్ళందరి సంగతీ అదే. కాలు లేనోడు, చెవులు లేనోడు, ఎవడింట్లో వాడు గోడకానుకుని కూచుంటాడు, అడిగితే ఫ్యాక్టరీ ఉద్యోగం అంటాడు. రౌహియా తమ్ముడు రిఫాత్ టుక్‌టుక్ తోలతాడు. "నీ అంత అదృష్టం ఎవరికుందక్కా. నేను బండి తోలితేగాని కూడు లేదు, నువ్వు ఈగలు తోలితే చాలు" అంటాడు. సందులో వాళ్ళయితే పేరు పెట్టి పిలవడమే మానేశారు. ఐదు శాతం అని పిలుస్తారు.

ఆవిడకి మిషను వచ్చు. పెద్ద పనిమంతురాలని కాదు, పక్కింటోళ్ళ పరదాలూ దిండు గలీబులూ కుడుతుంది. తొక్కేది కుడికాలుతో, అది బాగానే ఉంది. ఆవిడ కోరికల్లా ఒకటే, నలుగురాడవాళ్ళతో పాటు పొద్దున్నే ఆ గేట్లోకి వెళ్ళి ఒక మిషను ముందు కూచోవాలని. ఆ మాటే బహ్గత్ దగ్గరికెళ్ళి ఎన్నోసార్లు అడిగింది. పనివాళ్ళని పెట్టేదీ తీసేదీ చూసే మేనేజరు ఆయన.

"నీకేం తక్కువ చేశామమ్మా? మేం నిన్ను కష్టపెట్టట్లేదు గదా" అనేవాడు. "అయినా మిషన్లు ఖాళీ ఏవీ?"

పని చెయ్యనివ్వకపోవడం దయట. గుంజకి కట్టేసి ఇంత గడ్డి పడేస్తే అదీ దయే.

ఒకరోజు ఆ బహ్గతే కబురు పెట్టాడు. సరుకు కొనే కంపెనీ నుంచి దొరసానొకత్తె, మినిస్ట్రీ నుంచి ఒకాయనా చూడ్డానికి వస్తున్నారు, అందరూ మంచి బట్టలేసుకుని రండి, మినీబస్సు పంపుతాం అని. పండక్కి తయారైనట్టు తయారై వెళ్ళారందరూ. మొదటి వరసలో కూచోబెట్టారు. ఆ వరసలో రోజూ కుట్టే ఆడపిల్లల్ని తీసుకుపోయి గోడౌన్లో అట్టపెట్టెల వెనకాల దాచారు.

"చేతులు బట్ట మీద పెట్టుకోండి, నవ్వండి, మిషను మాత్రం ముట్టుకోవద్దు" అన్నాడు బహ్గత్. వేలు తెగితే తన నెత్తి మీదికొస్తుందని ఆ వరసకి కరెంటు కూడా తీయించేశాడు. ఆయన తెలివి అంతటిది. గుడ్డి షేక్ మబ్రూక్‌ని తీసుకెళ్ళి దారాల రంగులు చూసే బల్ల దగ్గర కూచోబెట్టాడు.

"రౌహియా, నా చేతిలో ఉన్నది ఏం రంగే? వాళ్ళడిగితే ఏం చెప్పను?" అన్నాడు షేకు మెల్లగా.

"ఏదో ఒకటి చెప్పు మామా. వాళ్ళూ చూడరు."

దొరసాని వచ్చింది. రౌహియా ముందాగి, కొంచెం కుట్టి చూపించమంది. రౌహియా పాదం నొక్కింది. మిషను చచ్చినట్టుంది. వెనక వరసలన్నీ గడగడా ఆడుతున్నాయి.

"ఇందులో కరెంటు లేదు. ఈయన తీసేశాడు" అంది రౌహియా, గట్టిగానే.

"ఇప్పుడే పోయిందండి" అన్నాడు బహ్గత్.

మినిస్ట్రీ ఆయన నెత్తి మీద గిర్రున తిరిగే ఫ్యాను వంక చూశాడు. చూసి, "వేసవి గదా, మాటిమాటికీ పోతుంది" అన్నాడు, చల్లగాలికి చొక్కా గుండీ విప్పుకుంటూ. పక్కనుండి మాటలు తర్జుమా చేసే కుర్రాడు అదంతా దొరసానికి ఏమని చెప్పాడో, ఆవిడ చప్పట్లు కొట్టింది. ఫోటోలు తీసుకున్నారు, వెళ్ళారు. ఒక్కడికైనా తెలియకపోతే గదా దాన్ని మోసం అనడానికి.

తలా ఒక బస్బూసా మిఠాయి డబ్బా ఇచ్చి బస్సెక్కమన్నారు. అందరూ ఎక్కారు. రౌహియా లేవలేదు.

"లేమ్మా, బండి ఆగింది" అన్నాడు బహ్గత్.

"నేను కుట్టడానికొచ్చాను."

గోడౌన్లోంచి పిల్లలు దుమ్ము దులుపుకుంటూ వచ్చారు. అందులో ఇబ్తిహాల్ అని, ఆ మిషను ఆ పిల్లది. "అక్కా, నా చోటిది. నా లెక్క పూర్తి కాకపోతే నన్ను తింటారు. ఆ పక్కది ఖాళీయే గదా, కరీమా పెళ్ళయి పోయిన కాణ్ణించీ దాని మీద ఎవరూ కూచోలేదు" అంది.

రౌహియా బహ్గత్ వంక చూసింది. ఆయన గడియారం చూసుకున్నాడు. ఆవిడ కర్ర తీసుకుని, పక్క మిషను దగ్గరికెళ్ళి కూచుంది.

"నువ్వు పడితే ఎవరు జవాబు చెప్పాలి?"

"నాలుగో ఏట నుంచీ పడుతూనే ఉన్నాను సారూ. నువ్వెప్పుడు చెప్పావు జవాబు?"

ఈ గొడవకి సూపర్‌వైజరు ఇన్షిరాహ్ వచ్చింది, పిల్లలు అబ్లా అని, అంటే పెద్దక్కా అని పిలుస్తారు. పెద్ద నోరు ఆవిడది, బహ్గత్ కూడా ఆవిడంటే పక్కకి తప్పుకుంటాడు. "మీ నాటకానికి నాకు సగం పూట పోయింది. సరుకు గురువారం ఓడెక్కాలి. మేకని తెచ్చినా కూచోబెడతాను. కరెంటియ్యండి" అంది. జేబుల కట్ట ఒకటి రౌహియా ఒళ్ళో పడేసింది.

బహ్గత్ గొణుక్కుంటూ కరెంటు ఇప్పించి తలుపు దగ్గర నిలబడ్డాడు, ఎప్పుడు చెడగొడుతుందా అని.

చెడగొట్టింది కూడా. ఫ్యాక్టరీ మిషను ఇంటి మిషనా, తొక్కితే గుర్రంలా లాగేస్తుంది. కాసేపటికి ఇన్షిరాహ్ వచ్చి నాలుగు జేబులు ఎత్తి చూసింది.

"ఎవత్తె కుట్టిందే ఇవి? కళ్ళు మూసుకుని కుట్టావా? ఈ వంకర జేబులో చెయ్యి ఎటునుంచి పెడతాడు వాడు? సిగ్గు లేదూ? అన్నీ విప్పు."

"అబ్లా, పాపం ఆవిడకి కాలు..." అంది ఇబ్తిహాల్.

"కాలుతో కుట్టిందా జేబు? విప్పమను. విప్పి మళ్ళీ కుట్టమను." బహ్గత్ వైపు తిరిగింది. "గేటు దగ్గర లోపలికి పంపమని చెప్పండి సారూ. రేపు ఏడింటికి రాకపోతే అందరికీ కోసినట్టే ఈవిడకీ జీతం కోస్తాను."

రౌహియా చెవులు ఎర్రబడ్డాయి. పుట్టి ఇంతకాలమైనా ఆవిడ పనిని పట్టుకుని తిట్టినవాళ్ళు లేరు. బయట బస్సువాడు హారన్ మీద చెయ్యి తియ్యట్లేదు.

"వెళ్ళమనండి వాణ్ణి" అంది, తలెత్తకుండా మొదటి జేబు దారం తెంపుతూ.