ఎత్తిన చెయ్యి

బొంగరం చెయ్యి తెగింది కట్టుతీగతో. ఇనప ఊచల్ని ఒకదానికొకటి బిగించే ఆ తీగ చూడ్డానికి దారప్పోగులా ఉంటుంది. దెబ్బ తగిలిందని చెప్పుకోవడానికి కూడా సిగ్గేసేంత సన్నం. అదే అరచేతిని బొటనవేలి కిందనుంచి అడ్డంగా గీసి పారేసింది.

"అబ్బా!" అనేలోపే మేనత్త వచ్చి పడింది. ఆవిడ ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. రక్తం చూస్తే ఆవిడకి ప్రాణం లేచొస్తుంది.

"చూడనీ. కుట్లు అక్కర్లేదులే. కట్టు కడతాను. చెయ్యి మాత్రం పైకెత్తి పెట్టు. గుండెకంటే ఎత్తులో ఉండాలి."

"ఎంతసేపు?"

"నేను దించమనేదాకా."

"అత్తా, బాత్రూంకి వెళ్ళాలంటే?"

"అక్కడా ఎత్తే ఉంచు."

చిన్నప్పుడు ఒక్కచోట కుదురుగా కూర్చోదని బొంగరం అని పేరు పెట్టింది కూడా ఈ మేనత్తే. ఆవిడ మాటకి ఇంట్లో ఎవరూ ఎదురుచెప్పరు. ఆవిడని ఎవరూ ఏమీ అడగరు కూడా.

వీళ్ళ చర్చినుంచి జట్టుగా వచ్చారు, దేశం కాని దేశానికి, ఇళ్ళు కట్టడానికి. వరదకి కొట్టుకుపోయిన పేటలో మిషను వాళ్ళు సిమెంటు ఇటుకలతో వరసగా ఇళ్ళు లేపుతున్నారు. ఒక్కో చర్చి జట్టు వచ్చి ఒక్కో ఇల్లు పూర్తిచేస్తుంది. తాళంచెవి చేతిలో పెట్టి, ఫొటో దిగి, విమానం ఎక్కేస్తుంది. బొంగరం చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగు. ఇంకొకళ్ళు కట్టినదాంట్లో తప్పులు పట్టడమే తప్ప జీవితంలో సొంతంగా ఏదీ కట్టి ఎరగదు. మేనత్తని ఒంటరిగా పంపడానికి ఇంట్లో ఒప్పుకోలేదు కాబట్టి తోడు వచ్చింది. ఆఫీసు మొహం చూడక్కర్లేదు కాబట్టి నవ్వుకుంటూ వచ్చింది. వెనక్కి వెళ్ళగానే టీమ్ లీడ్ పోస్టు. సోమవారం పొద్దున్న సీట్లో ఉంటే చాలు, నీదే అన్నాడు మేనేజరు.

ఆ సాయంత్రం ప్రార్థన సగం కట్టిన ఆ ఇంట్లోనే జరిగింది. పైకప్పు లేదు. అందరూ ఇటుకల మీద కూర్చున్నారు. బొంగరం ఇంకా పచ్చిగా ఉన్న గోడకి ఆనుకోకుండా, పక్కనే పేర్చిన ఇటుకల దొంతర మీద మోచెయ్యి ఆనించి, తెల్లకట్టు ఆకాశానికి చూపిస్తూ కూర్చుంది.

వీళ్ళ సంఘంలో ఒక పద్ధతుంది. పాస్టర్‌గారు అందరినీ తలలు వంచి కళ్ళు మూసుకోమంటారు. ఫలానా పనికి ఇష్టపడేవాళ్ళు చెయ్యెత్తండి అంటారు. ఎవరెత్తారో నడిపించే మనిషి ఒక్కడే చూస్తాడు. "ఒక చెయ్యి కనిపిస్తోంది, స్తోత్రం" అన్నాడా, ఇక అంతే. ఎత్తిన చేతిని ఆ సంఘంలో ఇంతవరకూ ఎవరూ దించుకోలేదు. బొంగరం చిన్నప్పుడు ముక్కు మీద వాలిన ఈగని తోలబోయి, ఏడాది పొడుగునా చర్చి బెంచీలు తుడిచింది. అప్పటినుంచీ ప్రార్థనలో రెండు చేతులూ ఒళ్ళో కట్టేసుకునే కూర్చునేది.

ఆ వేళ మాత్రం ఒళ్ళంతా పచ్చిపుండు. పాస్టర్‌గారి ప్రార్థన ఎప్పట్లాగే చాలా దేశాలు తిరిగి వస్తోంది. అది ఏ సముద్రం మీదుండగానో బొంగరానికి కునుకు పట్టింది. చెయ్యి మాత్రం ఇటుకల మీద నిటారుగా నిలబడే ఉంది.

"స్తోత్రం! స్తోత్రం! ఒక చెయ్యి కనిపిస్తోంది!"

కళ్ళు తెరిచేసరికి పాస్టర్‌గారు ఏడుస్తున్నారు. తీగ అవతలి కొస పట్టుకు లాగి ఈ గాయానికి కారణమైన, జట్టు పాటలకి గిటారు వాయించే బ్రదర్ కూడా ఏడుస్తున్నాడు. అందరూ తనకేసే వస్తున్నారు.

"ఏమైంది?" అంది బొంగరం.

"ఏడాదిపాటు ఇక్కడే ఉండిపోవడం అంటే మాటలా సిస్టర్!" అన్నాడు గిటారు బ్రదర్ ముక్కు తుడుచుకుంటూ. "ఈ వయసులో!"

అందరి పాస్‌పోర్టులూ పారేసుకుంటారని పాస్టర్‌గారి నడుముసంచిలోనే ఉంటాయి. ఆయన జిప్పు తీశారు. ఒక్కటి వేరు చేశారు. దాన్ని అక్కడి మిషను మేనేజరు చేతిలో పెట్టారు. వీసా పొడిగించాలట. మేనేజరు దాన్ని చొక్కా జేబులో వేసుకుని, జేబు మీద తట్టి, బొంగరానికేసి పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు.

మర్నాడు పొద్దున్నే పాస్టర్‌గారిని ఇసక కుప్ప దగ్గర ఒంటరిగా పట్టుకుంది.

"పాస్టర్‌గారూ, నేను చెయ్యెత్తలేదండి."

"ఎత్తావమ్మా. నేను చూశానుగా."

"ఎత్తాననుకోండి. కానీ దానికి కాదండి. గాయానికి. అత్త ఎత్తి పెట్టుకోమంది."

ఆయన కట్టుకేసి చూశారు. కళ్ళు మళ్ళీ చెమర్చాయి. "ఆ గాయం ఎవరు చేశారు తల్లీ?"

"తీగండి."

"తీగ వెనకాల ఎవరున్నారు?"

వెనకాల గిటారు బ్రదర్ ఉన్నాడు. ఆ మాట చెప్పి లాభం లేదని బొంగరానికి అర్థమైంది.

"నాకిష్టం లేదండి. ఉద్యోగం ఉందండి. భయంగా కూడా ఉంది."

"దేవుడి పిలుపు వచ్చినవాళ్ళందరూ మొదట ఇదే అంటారు." ఆయన మొహం వెలిగిపోయింది. "ఇష్టపడి చేసేది ఉద్యోగం. ఇష్టం లేకపోయినా వచ్చేదే పిలుపు. నువ్వు వద్దంటున్న కొద్దీ నాకు నమ్మకం పెరుగుతోందమ్మా."

అవునన్నా అవునే, కాదన్నా అవునే. ఆఫీసులో ఇలాంటి బగ్గు దొరికితే బొంగరం పండగ చేసుకునేది. లోపల తనే ఇరుక్కున్నప్పుడు మాత్రం ఊపిరాడలేదు.

అమ్మకి ఫోన్ చేసింది. గిటారు బ్రదర్ అప్పటికే చేసేశాడు.

"రాత్రి చర్చి కూటంలో స్టేజి మీద నీ పేరు చదివారే!" అమ్మ ఎక్కిళ్ళు పెడుతోంది. "మీ నాన్న లేచి నిలబడ్డాడు! ప్రసంగం అయ్యేదాకా గురక పెట్టే మనిషి, అందరి ముందూ లేచి నిలబడి నా కూతురే అన్నాడు!"

"అమ్మా, నా ఉద్యోగం..."

"పోతే ఇంకోటొస్తుంది. ఇలాంటి పేరొస్తుందా?"

"అది కాదమ్మా, నేనసలు..." ముక్కు ఎగబీల్చింది.

"ఏడవకే, నాకూ ఏడుపొస్తోంది," అని అమ్మ హాయిగా ఏడ్చింది. అటునుంచి నాన్న ఫోన్ లాక్కుని, "నువ్వు మగపిల్లాడికంటే ఎక్కువే," అన్నాడు. ఆ మాటకి మామూలుగా అయితే గంట పోట్లాడేది. ఆ పూట ఫోన్ పెట్టేసింది.

మధ్యాహ్నం మిషను మేనేజరు ఆమె ఉండబోయే గది చూపించాడు. మిషను ఆఫీసు వెనకాల, మూతపడిన మందుల గదికి ఆనుకుని ఉంది. ఇనప మంచం, చుట్టి కట్టిన దోమతెర, బట్టలకి గోడలో మేకులు, బల్ల మీద కొత్త సబ్బు. ఊచల కిటికీకి అవతల చెయ్యి చాపితే తగిలేంత దగ్గర్లో ఇంకో గోడ. ఎవరో నేల కడిగి, దుప్పటి మడత నలగకుండా పరిచి, దిండు మీద ఒక పువ్వు పెట్టారు. బెదిరిస్తే ఎదురు తిరగొచ్చు. పువ్వు పెడితే ఏం చేస్తారు?

మేనత్త కూడా వెంట వచ్చింది. ఆవిడ మంచం చూళ్ళేదు, కిటికీ చూళ్ళేదు. తలుపు దగ్గరే నిలబడి లోపలి గడియ వేసింది. తీసింది. మళ్ళీ వేసింది.

"బాగా పడుతోంది," అంది ఎవరితోనో అన్నట్టు.

సాయంత్రం పనయ్యాక సిమెంటు తట్టలు కడుగుతూ మేనత్తని నిలదీసింది.

"అత్తా, చెయ్యెత్తమన్నది నువ్వు. పాస్టర్‌గారితో నువ్వొక్క ముక్క చెబితే చాలు. ఎందుకు చెప్పవు?"

మేనత్త తట్టకి అంటుకున్న సిమెంటు గీకుతూనే ఉంది.

"అత్తా, నిన్నే."

"నేను చెప్పకూడదే. చెబితే నీకోసం చెప్పినట్టవదు."

"మరెవరికోసం?"

"నేనూ ఎత్తాను."

బొంగరం చేతిలో నీళ్ళమగ్గు ఆగిపోయింది.

"నేను స్తంభం పక్కన కూర్చున్నాను కదా. ఆయనకి తెల్లకట్టు కనబడింది. వట్టి చెయ్యి ఏం కనబడుతుంది?"

"అప్పుడే చెప్పొచ్చుగా!"

"ఏమని? నేనూ ఎత్తానండోయ్, ఇటు చూడండి అనా? చిన్నపిల్లకొచ్చిన పిలుపు ముసల్ది లాక్కుందని అనరూ? ఎత్తడం వరకే మన పని. చూడ్డం మనది కాదు." తట్ట బోర్లించింది. "నువ్వు కూడా నోరెత్తకు. నా మీద ఒట్టు."

బొంగరానికి ఇల్లు గుర్తొచ్చింది. మేనత్తకి పెళ్ళి కాలేదు. తమ్ముడింట్లో హాల్లో మడతమంచం మీద పడుకుంటుంది, అదీ అందరూ టీవీ చూసి లేచాక. ఆవిడ పెట్టె ఫ్రిజ్ వెనకాల ఉంటుంది. జ్వరం ఎవరికొచ్చినా ఆవిడే లేచి కూర్చుంటుంది. ఆ ఇంట్లో ఆవిడ లోపలినుంచి వేసుకునే గడియ బాత్రూందొక్కటే. ఇన్నేళ్ళూ ఆ హాలు దాటుకుంటూ తిరిగిందే కానీ బొంగరానికి ఈ సంగతి ఎప్పుడూ తోచలేదు.

ఇప్పుడు తోచి కూడా లాభం లేదు. తన మాట చెబితే పిలుపంటారు. అత్త మాట చెప్పడానికి లేదు, ఒట్టు పెట్టించుకుంది. ఫోన్లో ఆఫీసు మేనేజరు మెసేజి మెరిసింది: సోమవారం వస్తున్నావు కదా? బొంగరం జవాబు కొట్టలేదు. ఏం కొట్టాలో తెలిస్తే కదా.

ఇల్లు పూర్తయింది. ప్రతిష్ఠ రోజున గుమ్మానికి రిబ్బను కట్టి, దానికి తాళంచెవి వేలాడదీశారు. ఇంటావిడ నెత్తి మీద చుట్టిన పరుపు పెట్టుకుని పొద్దుటినుంచీ బయటే నిలబడి ఉంది. పాటలయ్యాయి, ప్రసంగమయింది, ఫొటోలయ్యాయి. ఆవిడ మబ్బుకేసి చూస్తోంది, గుమ్మానికేసి చూస్తోంది. పాపం, సొంత ఇంట్లోకి వెళ్ళడానికి ఇంకా ఎంతమంది దేవుణ్ణి పొగడాలో ఆవిడకి తెలియదు.

"ఇప్పుడు దేవుడు తనని ఎలా పిలిచాడో మన సహోదరి సాక్ష్యం చెప్పి, ప్రార్థనలో నడిపిస్తుంది," అన్నారు పాస్టర్‌గారు మైకిస్తూ.

బొంగరం గుమ్మం ముందు నిలబడింది. ఎదురుగా అందరూ ముందే కళ్ళు తుడుచుకోవడానికి రుమాళ్ళు తీసి పెట్టుకున్నారు. గిటారు బ్రదర్ వీడియో మొదలెట్టాడు. నిజం చెబితే సాక్ష్యం. అబద్ధం చెబితే సాక్ష్యం. ఏడిస్తే ఇంకా పెద్ద సాక్ష్యం. చెయ్యి రాత్రినుంచీ సలుపుతోంది.

అప్పుడు తట్టింది. ఈ సంఘం నోటి మాట వినదు. చెయ్యి మాటే వింటుంది.

"నేనేం చెప్పనండి," అంది మైకులో. "ప్రార్థన చేద్దాం. అందరూ తలలు వంచి కళ్ళు మూసుకోండి. ఫోన్ కూడా లోపల పెట్టేయండి బ్రదర్."

మూసుకున్నారు. నడిపించే మనిషి ఒక్కరే కళ్ళు తెరిచి ఉండాలి కాబట్టి పాస్టర్‌గారూ మూసుకున్నారు. వీళ్ళని చూసి మేనేజరు, ఇంటావిడ కూడా మూసుకున్నారు, ఆవిడైతే పరుపుతో సహా.

"ఇక్కడ ఏడాదిపాటు ఉండిపోవడానికి మనసారా ఇష్టపడేవాళ్ళు..." మేనత్తకేసి చూసింది. "చెయ్యెత్తండి. ఎవరూ చూడరు. నేనొక్కదాన్నే చూస్తాను."

మైకు ఎడం చేతిలో ఉంది. గాయం చెయ్యి కిందికి వేలాడుతోంది. దించితే నిప్పు పోసినట్టుంది. పైకెత్తితే చాలు, హాయిగా ఉంటుంది. బొంగరం దాన్ని తొడకి అదిమిపెట్టింది. ఎవరూ కదల్లేదు. దూరంగా ఉరుమింది. గిటారు బ్రదర్ ఎంత గట్టిగా కళ్ళు మూసుకున్నాడో అంత గట్టిగా చేతులు కట్టుకున్నాడు.

మేనత్త చెయ్యి లేచింది. చెవిదాకా వచ్చింది. జుట్టు సర్దుకుని కిందికి దిగిపోయింది.

'ఎత్తు అత్తా,' అనుకుంది బొంగరం. అరచేతిలో వెచ్చగా ఏదో జారుతోంది. 'నీకు దణ్ణం పెడతాను, ఎత్తు.'

చెయ్యి మళ్ళీ లేచింది. చెవి దాటింది, కొప్పు దాటింది, మోచెయ్యి తిన్నగా చాచేదాకా వెళ్ళి నిలబడింది.

"ఒక చెయ్యి కనిపిస్తోంది!" మైకు కీచుమంది. "స్తోత్రం! ఎత్తినవాళ్ళు దించకండి. ఇప్పుడందరూ కళ్ళు తెరవండి."

అలా తెరవమనడం ఆ సంఘంలో ఎప్పుడూ లేదు. అయినా తెరిచారు. మేనత్త కూడా తెరిచి, అందరూ తననే చూస్తుంటే బిక్కచచ్చిపోయింది. చెయ్యి మాత్రం దించలేదు.

"నువ్వా అమ్మా?" అన్నారు పాస్టర్‌గారు.

"మొన్న కూడా ఎత్తానండి," అంది మేనత్త చిన్నగా.

పాస్టర్‌గారు బొంగరానికేసి తిరిగారు. "మరి నువ్వు తల్లీ?"

"నాకూ వినబడేలాగే అడిగానండి. నా చెయ్యి లేవలేదు."

ఇది ఏ లెక్కలోకి వస్తుందో ఆయనకీ తోచలేదు. ఈలోగా గిటారు బ్రదర్ మేనేజరుకి ఇంగ్లీషులో విడమరిచి చెప్పాడు. అందులో నర్సు అన్న మాట పడగానే మేనేజరు మూతపడిన మందుల గదికేసి ఒకసారి, మేనత్తకేసి ఒకసారి చూశాడు. మరి ఎవరి మొహమూ చూడకుండా చొక్కా జేబులోంచి పాస్‌పోర్టు తీసి బొంగరం ముందు పట్టుకున్నాడు. చినుకులు మొదలయ్యాయి. ఇంటావిడ ఇక ఆగలేదు. తాళంచెవి లాక్కుని, రిబ్బను తెంపుకుని, పరుపుతో లోపలికి వెళ్ళిపోయింది.

బొంగరం మైకు ఇసకలో పడేసి ఎడం చేత్తో పాస్‌పోర్టు అందుకుంది.

మేనత్త ఇంకా చెయ్యెత్తే ఉంది. కళ్ళు మాత్రం మేనకోడలి రెండో చేతి మీద పడ్డాయి. కట్టంతా ఎర్రబడి వేళ్ళ చివర్లనుంచి రక్తం చుక్కలు చుక్కలుగా రాలుతోంది.

"ఒసే బొంగరం! ఆ రక్తమేంటే! చెయ్యి పైకెత్తు! ఎత్తవే!"

"విమానం ఎక్కేదాకా చచ్చినా ఎత్తను అత్తా."