వదులు కలపని కొలత

డిగ్రీలో నాకు మిగిలింది ఒక్క స్టాటిస్టిక్స్. దూరవిద్యలో తక్కిన సబ్జెక్టులన్నీ కుట్టుమిషను తొక్కుతూనే గట్టెక్కించాను. ఇది మాత్రం కిందటేడు నన్ను నిలువునా ముంచింది. ఈసారి రాతపరీక్ష ఎలాగో దాటాను, ఇక ప్రాజెక్టు నెగ్గాలి. నెగ్గితే కుట్టు శిక్షణ కేంద్రంలో టీచరు పోస్టుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. లేకపోతే ఆ పోస్టు ఇంకొకరి పాలవుతుంది. తాడో పేడో తేల్చుకోవాల్సిందే అనుకున్నాను.

ముప్పైమందిని కొలవాలి, సగటు కట్టాలి, ఒక్కొక్కరూ ఆ సగటుకు ఎంత దూరంలో ఉన్నారో లెక్క తేల్చాలి. ఏం కొలవాలన్నది మన ఇష్టం. లేడీస్ టైలర్ని, కొలవడం నాకు వెన్నతో పెట్టిన విద్య. మా వీధి ఆడవాళ్ళ నడుములు కొలిచి దర్జాగా పంపించాను.

అది వెళ్ళినంత వేగంగానే తిరిగొచ్చింది. కింద మాస్టారు ఇలా రాశారు: "మీ వీధిలో ఎవరి నడుమూ అంగుళాల మధ్యలో ఆగదా? అన్నీ పూర్తి అంకెలే. ఇవి కొలిచినవా, కూర్చుని రాసినవా? నెలాఖరులోగా సరిచేసి పంపకపోతే ప్రాజెక్టు రద్దు."

నాకు ఒళ్ళు మండిపోయింది. నేనా దొంగలెక్కలు రాసేది? అప్పుడే పోస్టాఫీసు ఆవిడ స్కర్టు కుట్టించుకోవడానికి వస్తే, మాస్టారి మీద కోపంతోనే టేపు చుట్టాను. టేపు ముప్పైమూడున్నర దగ్గర ఆగింది. నా చెయ్యి ముప్పైఆరు అని రాసింది! కూర్చున్నప్పుడు బిగుసుకోకుండా వదులు కలపడం మా పనిలో భాగం. అయితే అది కత్తిరించేటప్పుడు కలపాలి. నేను కొలిచేటప్పుడే కలిపి పూర్తి అంకె చేసేస్తున్నాను. ఇన్నేళ్ళలో టేపు చెప్పిన అంకె ఒక్కటీ నా కాగితం మీద పడలేదు.

మా ఆయన స్కూలు వ్యాను నడుపుతారు. సాయంత్రం టీ తాగుతూ అంతా విని, "దానికింత రాద్ధాంతం ఎందుకు? కలిపింది తీసెయ్యి, అయిపోతుంది" అన్నారు.

"అందరికీ ఒకేలా కలిపితే కదండీ తీసెయ్యడానికి! బక్కపల్చటి వాళ్ళకి ఒకలా, కుట్టు తెగిందని పోట్లాటకొచ్చే వాళ్ళకి ఇంకోలా."

"ఎవరికెంత కలిపావో గుర్తులేదూ?"

"నాకేం తెలుసు? నా చేతిని అడగండి."

ఆయన పగలబడి నవ్వారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఉజ్జాయింపుగా దిద్ది పంపితే మాస్టారు అన్న మాటే నిజమవుతుంది. మళ్ళీ మొదటినుంచీ కొలుస్తానని మొండికేశాను.

నా చేతిని నమ్మడం మానేశాను. టేపు చుట్టడం వరకే నా పని, అంకె చదివి రాసేది మా ఆడపడుచు. తను మందుల షాపులో పనిచేస్తుంది. మొహమాటమనేది తన ఒంట్లో లేదు. ఇద్దరం కాళ్ళకు బలపం కట్టుకుని ఇల్లిల్లూ తిరిగాం. ఒకావిడ గుమ్మంలోనే నిలదీసింది, "మళ్ళీ కొలతేంటి? నా గౌను పాడుచేశావా?" అని. ఇంకొకావిడ పొట్ట లోపలికి లాగి ఊపిరి బిగబట్టింది.

"ఊపిరి వదలండి పిన్నిగారూ, ఇది కుట్టడానికి కాదు, కాలేజీకి."

"కాలేజీ వాళ్ళకి నా నడుమెందుకే తల్లీ!"

మా అత్తగారు అంకె విని మురిసిపోయారు. "మొన్నటికన్నా తగ్గిందే! చిక్కిపోయానా?"

"లేదత్తయ్యా. మీకు కలిపినంత వదులు ఇంకెవరికీ కలపలేదు."

"ఓసి నీ దుంపతెగ! అందుకేనా నా గౌన్లన్నీ గోతాల్లా వేలాడేది?"

చివరికి ఒకరు తక్కువయ్యారు. నా దర్జీకొట్టు ఎదురింటావిడ ఊరెళ్ళింది, నెలాఖరు దాటితే గానీ రాదు. ఎవర్ని పట్టుకుందామా అని నేను వీధివైపు చూస్తుంటే, ఆడపడుచు టేపు లాక్కుని నా నడుముకే చుట్టింది.

"నువ్వు మాత్రం ఈ వీధి ఆడదానివి కావా వదినా?"

తను చదివిన అంకె వినగానే సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. ఇంత లావయ్యానా! "ఒక్క అరంగుళం తగ్గించవే" అని బతిమాలాను.

"కుట్టడానికి కాదు, కాలేజీకి" అంటూ రాసేసింది.

గడువుకు ముందే పంపాను. తర్వాతి ఆన్‌లైన్ క్లాసులో మాస్టారు నా ప్రాజెక్టు తెరిచారు. తెరమీది గళ్ళల్లో ఉన్నవాళ్ళంతా నా పిల్లల ఈడువాళ్ళే. నా గ్రాఫులో ఒక్కో కొలతకు ఒక్కో చుక్క. చుక్కలన్నీ ఒకచోట గుంపుగా ఉన్నాయి. ఒక్కటి మాత్రం ఎక్కడో కుడివైపు అంచున, ఒంటరిగా.

"ఈసారి కొలతలు నమ్మేలా ఉన్నాయి" అన్నారు మాస్టారు. "ఈ ఒక్కటే మిగతావాటితో పొసగడం లేదు. అంకె తప్పు పడినట్టుంది. తప్పేనంటే చెప్పండి, తీసేసి ఇప్పుడే పాస్ చేస్తాను."

'తప్పే సార్' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ఒక్క మాటతో డిగ్రీ చేతికొస్తుంది, నా నడుము సంగతి ఎవరికీ తెలియదు. మైకు నొక్కాను, కెమెరా కూడా నొక్కాను.

"తప్పు కాదు సార్. అది నేను."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. అనుమానముంటే చూసుకోండని లేచి, నిండుగా కనిపించేంత దూరం వెనక్కి జరిగి నిలబడ్డాను.

"కొలిచిందెవరు?" అడిగారు మాస్టారు.

"మా ఆడపడుచు. బతిమాలినా అరంగుళం తగ్గించలేదు."

మాస్టారు ఆ చుక్క పక్కన టిక్కు పెట్టారు.

"అయితే ఆ చుక్క అక్కడే ఉండాలి" అన్నారు. "పాసయ్యారు. కూర్చోండమ్మా."

నేను కూర్చోలేదు. ఇంకాసేపు అలాగే నిలబడ్డాను.