నాకొక్కదానికే స్వాగతం

నేను ఒక సినిమా తెరను. నా కథలోకి వెళ్ళేముందు మా అన్నగారి సంగతి కాస్త చెప్పుకోవాలి, లేకపోతే నాకు కడుపుబ్బరం తగ్గదు. అన్నగారంటే ప్రొజెక్టరు. ఇంటికి పెద్దకొడుకు. ఆయనకి వేరే గది, ఆ గదికి ఏసీ. ఒంట్లో కాస్త వేడి చేస్తే చాలు, మెకానిక్కులు పరుగెత్తుకొస్తారు. నన్ను తడిగుడ్డతో తుడిచిన పాపాన పోయినవాళ్ళు లేరు. బొమ్మ బాగుంటే "ప్రొజెక్షన్ అద్భుతం" అంటారు. మసకగా ఉంటే "తెర పాతదైపోయిందండీ" అంటారు. పోనీ అంత గొప్పాయన హాల్లో ఏం జరుగుతోందో ఎప్పుడైనా పట్టించుకున్నాడా? లేదు. ఆయన చూసేది నన్ను. జనం చూసేదీ నన్నే. వాళ్ళ వీపుల వెనక ఏముందో చూడాల్సింది నేనొక్కదాన్ని.

ముంబై పక్కన ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. తెల్లటి ప్లాస్టిక్ గుడ్డ పట్టీలు అతికించి, ఒళ్ళంతా సన్నటి చిల్లులు పొడిచారు. వెనక ఉన్న స్పీకర్ల మాట ఆ చిల్లుల్లోంచి బయటికి రావాలట. మాట నాలోంచి వస్తుందే తప్ప నాది కాదని పుట్టినరోజే తెలిసిపోయింది. కోడలిగా పుట్టాల్సినదాన్ని తెరగా పుట్టానన్నమాట.

విశాఖపట్నం వన్‌టౌన్‌లో ఒక మామూలు థియేటరు నా పుట్టింటి తర్వాతి ఇల్లు. హీరోగారికి హారతి ఇవ్వబోయి నా కింది అంచు కాల్చారు. ఆ మచ్చ ఇంకా ఉంది. థియేటరు గోడౌనయ్యాక నన్ను హార్బరు దగ్గరి పాత హాలుకి, అంటే ఫిల్మ్ సొసైటీవాళ్ళకి, అమ్మేశారు. సొసైటీ అంటే ముఖ్యంగా భానోజీరావుగారు. కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. చదువుకున్న మనిషి, మంచి మనిషి, కానీ తన తప్పు ఒప్పుకోవడం ఆయన సిలబస్‌లో లేదు. పప్పులో తనే ఉప్పు రెండుసార్లు వేసినా, "సముద్రం పక్కన ఊరు కదా, గాలికే ఉప్పు" అనే రకం.

ఏటా ఆయన అమెరికా చిత్రాల వారోత్సవం జరిపేవారు. పెద్ద కంపెనీలవి కావు. ఇల్లు తాకట్టు పెట్టి, స్నేహితుల కెమెరా అడిగి తెచ్చుకుని ఎవరికివారు తీసుకున్న చిన్న సినిమాలు, డాక్యుమెంటరీలు. కారులోనే ఇద్దరు పిల్లల్ని పడుకోబెట్టుకునే తల్లి. ఆవుల్ని అమ్మేసి ఖాళీ కొట్టంలో కూర్చున్న రైతు. లాండ్రీలో నడుం విరిగేలా దుప్పట్లు మడతపెట్టే ఆడవాళ్ళు. ఆకాశాన్నంటే మేడల కోసం వచ్చిన జనం మొదటిరోజు బిక్కమొహం వేసేవారు. "ఇదేం అమెరికా అండీ, మా అనకాపల్లిలాగే ఉంది" అని ఒకాయన గట్టిగానే అన్నాడు. మూడోరోజుకి మాత్రం ఆయనే ముందు వరసలో కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ సినిమాల్లో యాసలు భానోజీరావుగారికే సగం అర్థమయ్యేవి కావు. ఆ ముక్క ఆయన అనలేదు; మైకు తెచ్చి భార్య చేతిలో పెట్టారంతే. వైజయంతిగారు బి.ఎ. చదివి ఇల్లు దిద్దుకుంటున్నావిడ, కానీ ఏ యాసైనా పట్టేసే చెవి. నా ఎడమపక్క చిన్న బల్ల, గుడ్డి దీపం, మైకు పెట్టుకుని, బొమ్మల మాటలు ఎప్పటికప్పుడు తెలుగులో చెప్పేది. ఊళ్ళో మరే హాల్లోనూ ఈ పద్ధతి లేదు. చిత్రం ఇంగ్లీషులో ఏడిస్తే ఆవిడ తెలుగులో నిట్టూర్చేది. పక్కకి తిరిగి కూర్చునేది కాబట్టి ఆవిడకి నేనూ కనపడేదాన్ని, హాలూ కనపడేది.

అలా ఒకసారి మంచు కురిసే సీను వచ్చింది. మంచొస్తే నేను తెల్లగా వెలుగుతాను, హాలంతా పగలవుతుంది. ఆ వెలుగులో బాల్కనీ ముందు గోడ మీద వెంట్రుకంత గీత కనపడింది. నేను చూశాను. ఆవిడా చూసింది.

"ఏమండీ, బాల్కనీ పగిలింది" అంది ఇంటర్వెల్లో.

"చూశాన్లే వైజా. సముద్రపు గాలికి పెచ్చులు ఊడకుండా ఉంటాయా? నీ ముఖం మీదా, నా ముఖం మీదా రాలేదా గీతలు?"

"మన ముఖాల మీద ఎవరూ కుర్చీలేసుకుని కూర్చోరు కదండీ."

మున్సిపాలిటీ చెవిన పడితే హాలుకి తాళం పడుతుంది, పండగ ఆగిపోతుంది. అది ఆయన భయం. "ఉత్సవాలవగానే చూద్దాం" అన్నారు. పైపైన సిమెంటు పూయించి, దాని మీద ఈ చివరనుంచి ఆ చివరకి బ్యానరు కట్టించారు. ఎర్రటి అక్షరాల్లో 'స్వాగతం'. వచ్చేవాళ్ళు బాల్కనీ కిందనుంచి వస్తారు, వాళ్ళకది కనపడదు. వెళ్ళిపోయేటప్పుడు చూసి నవ్వుకునేవారు. సినిమా నడుస్తున్నంతసేపూ ఆ స్వాగతం నాకొక్కదానికే.

ఆ మరుసటి ఏడూ 'ఉత్సవాలవగానే'. ఆపై ఏడూ అంతే. ఆపరేటర్ తవుడు బాల్కనీ ఊడుస్తూ, "మల్లీ సిమెంటు రాల్తోందమ్మా. బాబుగారు ఏటీ కాదన్నారు గదాని నానూ ఊరుకున్నాను" అన్నాడు. బ్యానరు వెనక గీత ఏమవుతోందో నాకు కనపడదు. కానీ బ్యానరు నడుమనున్న 'గ' అక్షరం ఏడాదికేడాదికీ కాస్త కిందికి దిగుతోంది. దేవుడు నాకు ఒళ్ళంతా చిల్లులు పెట్టాడు, నోరు మాత్రం పెట్టలేదు.

చివరి ఏడు వైజయంతిగారు పట్టుబట్టింది. "బాల్కనీలోకి ఎవర్నీ పంపనంటేనే నేను మైకు పడతాను." ఆయన సరేనన్నారు. ఆదివారం మ్యాట్నీకి హాలు కిటకిటలాడింది. ఎవరో అతిథులొచ్చారు. నర్సింగు కాలేజీ ఆడపిల్లలు కింద వరసల్లోంచి లేచి వాళ్ళకి చోటిచ్చారు. "పైకెళ్ళండమ్మా, బాల్కనీ ఖాళీగానే ఉంది" అన్న గొంతు భానోజీరావుగారిది. వైజయంతిగారు తలెత్తేసరికి దీపాలారిపోయాయి.

ఆ మధ్యాహ్నం డాక్యుమెంటరీ ఒక చిన్న ఊరి గురించి. కాగితం మిల్లు మూతపడిన ఊరు. మిగిలిన ఒకే సరదా, శనివారం డాన్సు హాలు. ఒక శనివారం దాని నేల కుంగి మనుషులతోసహా కిందికి పోయింది. బతికినవాళ్ళు కెమెరా ముందు కూర్చుని నెమ్మదిగా చెబుతున్నారు. ఆ హాల్లో వంట చేసిన ముసలావిడ అంది, వైజయంతిగారు తెలుగులో అంది: "పగులు అందరం చూశాం. దాని మీద తివాచీ వేశాం."

తర్వాత మంచు. ఊరంతా మంచు. నేను వెలిగాను. ఎదురుగా 'గ' బాగా కిందికి జారి ఉంది. బ్యానరు అంచునుంచి తెల్లటి పొడి సన్నగా, ఆగకుండా, పిండి జల్లించినట్టు రాలుతోంది. పైన పిల్లలు గడ్డాల కింద చేతులు పెట్టుకుని నన్నే చూస్తున్నారు.

చిత్రంలో ముసలావిడ తన వంటింటి సంగతేదో చెబుతూనే ఉంది. తెలుగు మాత్రం వేరుగా వచ్చింది.

"మా హాల్లోనూ ఒక పగులుంది. మేం దాని మీద బ్యానరు కట్టాం."

"ఎంత బాగా చెబుతోందో చూడండి, మన ఊరి సంగతిలాగే" అన్నాడు అనకాపల్లి ఆయన.

"ఇది సినిమా కాదు. తవుడూ, లైట్లెయ్యి! బాల్కనీలో పిల్లలూ, పరిగెత్తకండి. గోడవారగా మెట్లు దిగండి. కిందున్నవాళ్ళంతా తెర దగ్గరికి రండి."

"వైజా! సినిమా మధ్యలో ఏమిటిది?"

"మీరు కూడా రండి. నిలబడకండి అక్కడ."

నర్సింగు పిల్లలు చెప్పినమాట వినడం నేర్చినవాళ్ళు, బతికిపోయారు. అందరికన్నా చివర పైడితల్లి అనే పిల్ల, మిగతావాళ్ళని ముందుకి తోస్తూ దిగింది. ఆమె ఆఖరి మెట్ల మీద ఉండగా బ్యానరు తాడు తెగింది. బాల్కనీ ముందు భాగం ఖాళీ కుర్చీల మీదకి వచ్చిపడింది. ఒక సిమెంటు దిమ్మ ఎగిరొచ్చి పైడితల్లి కాలు విరిచింది. దుమ్ములో నా మీద మంచు ఇంకా కురుస్తూనే ఉంది.

మర్నాడు పేపర్లో 'సొసైటీ అధ్యక్షుడి సమయస్ఫూర్తి' అని పడింది; భార్యచేత మైకులో చెప్పించింది ఆయనేనట. భానోజీరావుగారు దాన్ని ఖండించలేదు. అడిగినవాళ్ళకి "ఏదో, సమయానికి తట్టింది" అనేవారు. పక్కన వైజయంతిగారు కాఫీలిచ్చేది. చక్కెర మాత్రం ఆయన కప్పులో వేసేది కాదు.

హాలు పడగొట్టారు. అన్నగారు శ్రీకాకుళంలో ఏదో కాలేజీకి వెళ్ళారు, క్షేమసమాచారాల్లేవు. నన్ను భానోజీరావుగారి డాబా మీదకి చేర్చారు. వైజయంతిగారు నన్ను పరిచి గుమ్మడి వడియాలు పెట్టింది. చిల్లుల్లోంచి గాలాడి చక్కగా ఎండుతున్నాయట. జీవితంలో మొదటిసారి మెచ్చుకోలు విన్నాను.

ఒక ఆదివారం సాయంత్రం వడియాల మరకలతోనే నన్ను పిట్టగోడకి కట్టారు. అద్దెకి తెచ్చిన ప్రొజెక్టరు ఎదురుగా కూర్చుంది. ఆగిపోయిన ఆ సినిమా మిగతాది చూడాలని సొసైటీవాళ్ళొచ్చారు. నర్సింగు పిల్లలొచ్చారు. పైడితల్లి చంకలో కర్రతో మెట్లెక్కి వచ్చి, వంగలేక వంగి భానోజీరావుగారికి దణ్ణం పెట్టింది.

"పేపర్లో సదివాను. అమ్మగారిచేత చెప్పించి మీరు లేపకపోతే నానేటైపోయేదాన్నో సారూ."

ఆయన ఆ పిల్ల కాలు వైపు చూసి, మళ్ళీ పైకి చూడలేదు.

సినిమా మొదలైంది. ముసలావిడ అయింది, మంచు అయింది. ఆ తర్వాత డాన్సు హాలు నడిపిన పెద్దాయన వచ్చాడు. చేతులు నలుపుకుంటూ దిక్కులు చూశాడు. తర్వాత పెదవులు కదిలాయి. తెలుగు రాలేదు. వైజయంతిగారు మైకు తీసుకెళ్ళి భర్త ముందు పెట్టింది.

"ఈ ముక్క మీరు చెప్పండి."

"వైజా, ఆ యాస నాకు..."

"అర్థమవుతుంది. చెప్పండి."

భానోజీరావుగారు మైకు అందుకున్నారు. "నేను చూశాను" అన్నారు. పెద్దాయన మాట్లాడుతున్నాడు, ఈయన వెనకే వస్తున్నారు. "చూసి కూడా, డాన్సు అయ్యాక బాగుచేయిద్దామనుకున్నాను. ప్రతి ఏడూ అలాగే అనుకున్నాను."

పెద్దాయన బొమ్మ వెళ్ళిపోయింది. నా మీద ఖాళీ నది, దాని మీద ఎగిరే పక్షులు. మాటల్లేని చోటది. మైకులో గొంతు మాత్రం ఆగలేదు.

"సముద్రపు గాలి..." అన్నారు. పైడితల్లి కర్ర వైపు చూశారు.

"గాలి కాదమ్మా. బ్యానరు కట్టించింది నేను. ఆరోజు మిమ్మల్ని పైకి పంపించింది నేను. లేపింది ఆవిడ. తప్పు నాది."