మట్టిరంగు పిట్ట

ధర్మవరం చెరువులో కొత్త పిట్ట దిగిందని సరళ చెప్పినప్పుడు ఇంట్లో ఎవరూ మగ్గం మీంచి తల ఎత్తలేదు. ఉగాది ఇంకో వారంలో ఉంది. చలికాలానికి వచ్చిన పక్షులు ఉత్తరానికి మళ్లే రోజులవి. దారిలో ఒకటి ఇక్కడ ఆగిందనీ, బుడబుంగలాగే మునుగుతుంది గానీ దానికి రెండింతలుందనీ, నెత్తిన కొమ్ముల్లా రెండు కుచ్చులున్నాయనీ ఆమె ఓపికగా వివరించింది.

అత్త బయమ్మకు పిట్టతో పేచీ లేదు. కోడలు రోజూ పొద్దున ఆరింటికి చెరువు కట్ట మీద గడిపే గంటతోనే పేచీ. ఆ గంట కూర్చుంటే ఎంత పట్టు కండెలకు చుట్టుకోవచ్చని ఆమె వాదన. డిగ్రీ చదివిన పిల్ల పిట్టల వెంట పడిందని వీధిలో నవ్వుతున్నారని కూడా అంది. చివరికి ఇద్దరూ పందెం వేసుకున్నారు. ఆదివారం లోపల సరళ తప్ప ఇంకొకరెవరైనా ఆ పిట్టను చూశానంటే ఆ గంట సరళది. లేదంటే కట్ట మాట మరిచి కండెల ముందు కూర్చోవాలి.

అనంతపురంలో పక్షుల వివరాలు రాసిపెట్టే రిటైర్డ్ లెక్చరర్ చంద్రమోహన్‌కు సరళ ఫోన్ చేసింది. ఆయన ఆదివారం పొద్దున్నే మెడలో బైనాక్యులర్, చంకలో లావుపాటి బొమ్మల పుస్తకంతో దిగాడు. కోడలి ఓటమి కళ్లారా చూడాలని బయమ్మ కూడా కట్ట ఎక్కింది.

పిట్ట ఉంది. కాకపోతే దానికి పెద్దల పట్ల మర్యాద లేదు. ఆయన బైనాక్యులర్ ఎత్తగానే మునిగేది. సరళ తుమ్మచెట్టు వైపు చూపిస్తే, ఆయన అటు తిరిగి అద్దాలు సరిచేసుకునే లోపల ఎడమవైపు తేలి, ఈకలు దులుపుకుని, మళ్లీ మాయమయ్యేది. గంటన్నరలో ఆయనకు చిక్కినవి మామూలు బుడబుంగలు, ఒక నీటికాకి, తేలుతున్న కొబ్బరిచిప్ప.

బయమ్మ రాయి మీద కూర్చుని ఏమీ ఎరగనట్టు కొంగు సర్దుకుంటోంది. అయితే పిట్ట తేలిన ప్రతిసారీ ఆమె మెడ ఠక్కున అటు తిరగడం, మునగగానే చూపు ఆకాశానికి పోవడం సరళ కంట పడింది.

"అత్తా, కనపడిందా?"

"యాడమ్మా? నాకు నీళ్లు తప్ప ఏం కనపళ్లే."

సరళ ఇక అడగలేదు. చంద్రమోహన్ పక్కకు వెళ్లి, తను చూసినంత వరకైనా రాసుకోమని గట్టిగా చెప్పసాగింది. "మెడ చుట్టూ మట్టిరంగు సార్. అంచు గించు ఏమీ లేదు."

బయమ్మ కాలి వేళ్లు ముడుచుకున్నాయి. రంగు వీసమెత్తు తేడా వస్తే పట్టు నూలు వెనక్కి పంపేసే మనిషి ఆమె. ఊళ్లో అద్దకం వాళ్లకు ఆమె దగ్గు వినపడితేనే దడ.

"గొంతేమో గోధుమరంగు..." అని సరళ ఇంకా అంటోంది.

"నీకు కండ్లుండాయా లేదా?" బయమ్మ లేచి నిలబడింది. "అది వక్కపొడి రంగు. చెంపల కాడ లేతగా మొదలై, పోను పోను ముదురుతాది. చివర నల్ల అంచు. గొంతు పాలతెలుపు. మగ్గాలోళ్ల ఇంట్లో ఉండి మట్టిరంగంట, మట్టిరంగు."

చంద్రమోహన్ గబగబా పుస్తకం తిప్పాడు. బొమ్మ అక్షరాలా అలాగే ఉంది. ఎప్పుడు చూశారమ్మా అని వినయంగా అడిగాడు.

"పొద్దుట్నుంచీ చూస్తానే ఉండా కదప్పా. నువ్వు ఆ గొట్టాల్లో యామి చూస్తాండావో నాకు తెల్దు."

అన్నాక గానీ ఆమెకు తెలిసిరాలేదు. సరళ నవ్వకుండా ఉండటానికి చెప్పు పట్టీ సరిచేసుకుంది. అప్పుడే పిట్ట వాళ్లెదుట తేలి, తీరిగ్గా ఒళ్లు విరుచుకుంది. చంద్రమోహన్ తల పుస్తకంలో ఉంది. ఆయన ఎత్తేసరికి నీటిమీద వలయాలే మిగిలాయి. చూసినవారు సరళ, బయమ్మ అని రాసుకుని, తన పేరు రాయాల్సిన చోట కలం కాసేపు ఆపి, మూత పెట్టేశాడు.

మర్నాడు ఆరింటికి సరళ తలుపు తీసేసరికి బయమ్మ అప్పటికే చెప్పులేసుకుని మెట్టు మీద ఉంది.

"గంట నీదేలే," అంది మొహం తిప్పుకుని. "ఆ నల్ల అంచు ఎంత వెడల్పుండాదో చూడాల. నువ్వు నోరు మూసుకోని నడువు, లేకపోతే మునిగిపోతాది."