చిన్నది ఇన్ని అడగలేదు

ముందు విగ్గు తీశారు. తర్వాత ఎర్ర గౌను హుక్కులు విప్పారు. ఆ రెండూ హీరోయిన్‌గారి క్లోజప్పుకి కావాలి. ఆసుపత్రి బండిని ఆ తర్వాతే పిలిచారు. మూడో అంతస్తు కిటికీలోంచి పడిన మనిషి అప్పటిదాకా నా మరిది చొక్కా కప్పుకుని నేలమీదే పడి ఉంది.

ఆ మనిషి నా తోడికోడలు. హీరోయిన్లకు బదులు మేమిద్దరం దూకుతాం, దొర్లుతాం. సెట్టు మీద నన్ను పెద్దది అంటారు, దాన్ని చిన్నది అంటారు. మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. కింద పడ్డవాళ్ళు చెయ్యెత్తేదాకా ఎవరూ చప్పట్లు కొట్టకూడదు. చెయ్యెత్తితే బతికున్నామని అర్థం. ఆరోజు చిన్నది చెయ్యెత్తలేదు. డైరెక్టరు మాత్రం చప్పట్లు కొట్టాడు. చచ్చినట్టు భలే పడుంది అన్నాడు.

మేం దూకేది ఖాళీ అట్టపెట్టెల మీద. వరసలుగా పేర్చి పైన పరుపు వేస్తారు. పెట్టె నలిగితేనే ఎముక నిలుస్తుంది. కెమెరాలో కనిపిస్తున్నాయని మేనేజరు ఆరోజు ఒక వరస లాగించాడు. అందుకే చిన్నది సగం పెట్టెల మీదా సగం సిమెంటు మీదా పడింది.

మా ఇద్దరికీ పడదు. అసూయా అంటారేమో, అసూయే. అది నాకంటే సన్నగా ఉంటుంది. నాకంటే ఎత్తు నుంచి దూకుతుంది. ఇంట్లో కూడా అందరూ దాని దూకుళ్ళ గురించే చెప్పుకుంటారు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట. ఆ సామెత కట్టినవాళ్ళెవరో మా ఇంటి గోడకి చెవి పెట్టి విన్నట్టున్నారు.

బండి వెళ్ళిన దుమ్ము అణగకముందే మేనేజరు నా దగ్గరికి వచ్చాడు.

"ఇప్పుడు చూసుకుంటే కెమెరా కదిలింది. రేపు పొద్దున మళ్ళీ తియ్యాలి. నువ్వు దూకు పెద్దమ్మాయ్. మొదట్నుంచీ నీకే ఇద్దామనుకున్నా, మీ స్టంట్ మాస్టరే వినలేదు."

విగ్గు నా చేతిలో పెట్టాడు. ఇంకా వెచ్చగా ఉంది. సిగ్గెందుకు, నా గుండె గంతేసింది. ఆ కిటికీ కోసం ఎన్నాళ్ళుగా కుళ్ళుకుంటున్నానో నాకు తెలుసు.

"లాగేసిన ఆ వరస మళ్ళీ పెట్టిస్తారా?"

"చిన్నది ఇన్ని అడగలేదు," అన్నాడు.

ఎప్పుడు అడిగినా ఇదే మాట. వినగానే నాకు కడుపు రగులుతుంది. అదెంత, నేనెంత అని ఉన్నవాటి మీదే దూకేస్తాను.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళాను. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేస్తేనే నడుస్తుందట. తప్పు దూకినదానిది, మేం పైసా కట్టం అంటోంది కంపెనీ. చిన్నది నన్ను చూడగానే ఏడుస్తుందనుకున్నాను.

"నా కిటికీ నీకిచ్చారటగా అక్కా," అంది.

"ఇచ్చారు. ఏం, నీకొక్కదానికే వచ్చా దూకడం?"

"దూకు. పడతావని కాదు నా ఏడుపు. నాకంటే బాగా దూకుతావేమోనని."

నాకు నవ్వొచ్చింది. నా తోడికోడలే, సందేహం లేదు.

"పెట్టెలు తగ్గించినప్పుడు నోరు ఏమైందే?"

"అడిగాను. పెద్దది ఇన్ని అడగలేదు అన్నాడు. ఎప్పుడూ అదే అంటాడు. నాకు మండి దూకేస్తాను."

 పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందట. నామీద దానికున్న మంట, దానిమీద నాకున్న మంట, రెండూ ఆ మేనేజరుకి తెలుసు. ఆ మంట చూపించే మా ఇద్దరి కిందనుంచీ ఒక్కో పెట్టె లాగుతూ వచ్చాడు.

"రేపు అవే పెట్టెల మీద నువ్వు దూకి లేచావనుకో," అంది చిన్నది నెమ్మదిగా, "పెద్దది దూకలేదా, తప్పు చిన్నదానిదే అంటాడు. ఆపరేషన్‌కి పైసా రాదు, ఇక నేను నడవను."

మర్నాడు పొద్దున రేకుల షెడ్డులో ఫైటర్లందరి ముందు విగ్గు బల్లమీద పెట్టి జరిగింది చెప్పాను. గాజుతలుపు లేచాడు. ఎప్పుడూ అద్దాలు బద్దలు కొట్టుకుంటూ వచ్చేది వాడే, అందుకే ఆ పేరు.

"నాకూ అంతే. మోచేతికి ప్యాడ్ అడిగితే మంటలోడు అడగలేదన్నాడు."

ఒంటికి నిప్పంటించుకునే మంటలోడు గిరుక్కున తిరిగాడు. "నాకు నీ పేరే చెప్పాడు కదరా. తడి దుప్పట్లు ఇన్నెందుకు, గాజుతలుపు రక్తం కారినా నోరెత్తడు అని."

షెడ్డంతా గోలయింది. స్టంట్ మాస్టరు చెయ్యి అడ్డం పెట్టాడు. "మనం ఆగితే బయటివాళ్ళని తెస్తారు. పొట్టలు మాడ్చుకుంటారా?"

"మీకు ఎవరి పేరు చెప్పాడు మాస్టారూ?" అన్నాను.

ఆయన తల దించుకున్నాడు. "పక్క కంపెనీ మాస్టరు సగం మందితోనే చేశాడన్నాడు."

"అయినా నీకు చిన్నదంటే పడదుగా," అన్నాడు మంటలోడు. "ఇప్పుడీ ప్రేమేంటి?"

"ప్రేమ ఎవరికుంది? ఇప్పటికీ పడదు. అది లేచి రావాలి, దానికంటే ఎత్తు నుంచి నేను దూకాలి. మంచంలో ఉన్నదానితో నాకు పోటీ ఏంటి? రేపు మీలో ఎవరు మంచమెక్కినా ఇంతే."

 అందరం సెట్టు మెట్లెక్కాం. మూడో అంతస్తు కిటికీలో కాళ్ళు వేలాడేసుకుని నేను కూర్చున్నాను. మిగతావాళ్ళు కిటికీలూ మెట్లూ నింపేశారు. మేనేజరు కిందనుంచి మైకులో అరిచాడు.

"దూకవా? గాజుతలుపుకి గౌను తొడిగి దూకిస్తా."

"నాకు బిగుతు సార్," అన్నాడు గాజుతలుపు. లైట్‌బాయ్‌లు కూడా నవ్వారు.

నేను అడగాల్సింది అడిగాను. చిన్నదాని ఆపరేషన్ కంపెనీ చేయించాలి. పెట్టెలు మేమే పేరుస్తాం, పేర్చాక ఎవరూ ముట్టుకోకూడదు. ఆసుపత్రి బండి షాట్‌కి ముందే వచ్చి నిలబడాలి.

"ఇంత ఎవరూ అడగలేదు," అన్నాడు అలవాటుగా.

"అందరం ఇక్కడే ఉన్నాం. ఒక్కొక్కరినీ అడిగి చూడండి."

మేనేజరు మైకు కింద పెట్టి ఫోను తీశాడు. పోలీసు జీపు రావడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఆసుపత్రి బండికి అంత తొందర ఎన్నడూ చూడలేదు మేం.

"లీడరెవరు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నేనే."

ఆయన విసుక్కున్నాడు. "ఆసుపత్రి మంచం మీదున్నావిడా తనే లీడరంది. తప్పు తనదేనని ఒప్పుకోమన్నందుకు మీ కంపెనీ మనిషి మీద నీళ్ళచెంబు విసిరిందట. ఆమెని అరెస్టు చేసి, మంచం పక్కన కాపలా పెట్టి వస్తున్నాం."

ఒళ్ళు మండిపోయింది. కదల్లేని మనిషిని పట్టుకున్నారు, అందులోనూ నాకంటే ముందే.

"అది చిన్నది సార్. నేను పెద్దదాన్ని. నా పేరే ముందు రాసుకోండి," అని చెయ్యెత్తాను.

పక్కనే గాజుతలుపు చెయ్యి లేచింది. తర్వాత మంటలోడిది. మాస్టరు కాస్త ఆలస్యంగా ఎత్తాడు. కిటికీల్లో, మెట్ల మీద అన్ని చేతులూ లేచాయి. కట్టుబాటు తెలిసిన లైట్‌బాయ్‌లు కిందనుంచి చప్పట్లు మొదలుపెట్టారు.

ఇన్‌స్పెక్టరు పైకి చూసి లెక్కపెట్టడం మానేశాడు. "ఇంతమందికి ఒక్క జీపు చాలదు," అన్నాడు.

"చాలకపోతే ఇంకా తెప్పించండి సార్," అన్నాను. "తక్కువతో సర్దుకోవడం మేం మానేశాం."