ఏడో గడి

పందొమ్మిది వందల అరవై ఏడులో నిజామాబాద్‌లోని ఒక సేవా సంఘం, కొలువు నుంచి దిగిపోయిన సిపాయిలనూ పంతుళ్ళనూ పిలిచి, నెల రోజులు శిక్షణ ఇచ్చి, ఇద్దరిద్దరిని కలిపి ఊళ్ళ మీదికి పంపింది. జనానికి ఆరోగ్యం సంగతులు చెప్పడం వాళ్ళ పని. బోధన్ దగ్గర ఒక చెరకు పల్లె నర్సన్నకూ నాగేంద్రమ్మకూ వచ్చింది.

నర్సన్న ఆ చుట్టుపక్కలవాడే. పంతొమ్మిదేళ్ళు పట్టాలంలో గాయాలకు కట్లు కట్టి, హవల్దారై ఇంటికి వచ్చాడు. నాగేంద్రమ్మది కృష్ణా జిల్లా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొన్న కుటుంబం. అక్కడి బడిలో ఇరవై ఆరేళ్ళు పాఠాలు చెప్పింది. జత కుదిరిన రోజు నుంచీ నర్సన్నకు ఆమె మీద నమ్మకం లేదు. భూముల్లోకి వచ్చినవాళ్ళు ఇప్పుడు ఇళ్ళలోకి ఎందుకు వస్తున్నారని అతని అనుమానం.

ఆ ఊళ్ళో నారికురుపు ఎక్కువ. కాలిలోంచి దారంలాంటి పురుగు బయటికి వస్తుంది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకు కాస్త చొప్పున లాగాలి. మధ్యలో తెగిందా, కాలు చీము పట్టి మనిషి మంచాన పడతాడు. కురుపున్నవాళ్ళు మెట్ల బావిలో దిగితే ఆ నీళ్ళు తాగినవాళ్ళకూ వస్తుంది. నీళ్ళు గుడ్డలో వడగట్టి తాగండని, కురుపుతో బావిలో దిగవద్దని ఇద్దరూ ఇల్లిల్లూ తిరిగి చెప్పారు.

వినేవాళ్ళు తక్కువ. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించడానికే వీళ్ళు మనుషుల్ని ఎంచుకుంటున్నారని ఊళ్ళో మాట పుట్టింది. చెరకు కొట్టే ముత్తన్న భార్య భూమవ్వ ఆ సంగతి మొహం మీదే అడిగింది.

"మా పేర్లు రాసుకపోతున్నరా అన్నా? నిజం చెప్పు."

"పేర్లతోని మాకేం పని భూమవ్వా. నీళ్ళ ముచ్చట చెప్ప వచ్చినం, గంతే," అన్నాడు నర్సన్న.

అతను ఆ మాట అంటుండగానే నాగేంద్రమ్మ అరుగు మీద కూర్చుని నోటుబుక్కులో ఏదో రాస్తోంది. భూమవ్వ చూసింది. నర్సన్న కూడా చూశాడు.

అప్పటి నుంచి అతని కన్ను ఆ పుస్తకం మీదే. ప్రతి ఇంట్లోనూ ఆమె రాసేది, అతను దగ్గరికి వస్తే మూసేసేది. ఏం రాస్తున్నారని అడిగితే, గుర్తు కోసమని మాత్రం అంది. అతను నెలనెలా సంఘానికి పంపే ఇంగ్లీషు కాగితంలో ఏమేం ఉంటాయని ఆమె కూడా ఒకసారి అడిగింది. తన పని మీద నిఘా పెడుతోందనుకుని, అది ఆఫీసు సంగతి అని అతను తోసేశాడు.

మాఘమాసంలో ఒక పొద్దున ఊళ్ళోకి ఆపరేషన్ల వ్యాను వచ్చింది. దిగినవాళ్ళు చేతిలో జాబితా పట్టుకుని మగవాళ్ళను పేరుపేరునా పిలిచారు. ముగ్గురు పిల్లలున్నవాళ్ళ పేర్లే అందులో ఉన్నాయి. మగవాళ్ళంతా చెరకు తోటల్లోకి పరిగెత్తారు. ముత్తన్న కాలికి అప్పటికి సగం పురుగు పుల్లకు చుట్టి ఉంది. నరికిన చెరకు మోళ్ళ మీద పరిగెత్తుతుంటే అది తెగిపోయింది. తెల్లారేసరికి మోకాలి దాకా వాచింది.

ఇదంతా నాగేంద్రమ్మ పుస్తకం చేసిన పనేనని నర్సన్నకు ఇక సందేహం లేదు. మర్నాడు మధ్యాహ్నం బడి వరండాలో అన్నం తిన్నాక ఆమె చేయి కడుక్కోవడానికి వెళ్ళింది. అతను పుస్తకం తీసి చదివాడు. ఎవరికి ఏ నెలలో కురుపు లేచింది, ఎన్ని రోజులు పని పోయింది, ఏ బావి నీళ్ళు తాగుతున్నారు. ఆడపిల్లల్లో ఎవరికి అక్షరాలు వచ్చు. అంతకు మించి ఏమీ లేదు.

తల ఎత్తేసరికి ఆమె ఎదురుగా నిలబడి ఉంది.

"అందులో దొరకలేదుగా. మీ కాగితంలో చూశారా నర్సన్నగారూ?"

అతను సంచిలోంచి నకలు కాగితం తీశాడు. మొదటి గడిలో ఇంటి యజమాని పేరు. ఏడో గడిలో బతికున్న పిల్లల సంఖ్య. ఇంటింటి కబుర్లలో తెలిసినదంతా గుర్తుపెట్టుకుని, నాలుగు నెలలుగా రాత్రి ఇంటికి వెళ్ళాక తన చేత్తోనే నింపాడు. పట్టాలంలో కాగితం ఇస్తే నింపడమే తప్ప ఎందుకని అడిగే అలవాటు అతనికి లేదు. పేర్లతో పని లేదని భూమవ్వతో అన్నప్పుడు ఈ గడులు అతని తలలోకే రాలేదు.

"నేనే పంపిన," అన్నాడు.

ఆమె పక్కన కూర్చుంది. మళ్ళీ అడగాలని చాలాసార్లు అనిపించిందనీ, తనను పరాయిదానిలా చూస్తున్నాడని తెలిసి నోరు మూసుకున్నాననీ, పుస్తకం మూసేసిందీ అందుకేననీ చెప్పింది. తప్పులో తనకూ వాటా ఉందంది.

ఆ సాయంత్రమే నర్సన్న భూమవ్వ వాకిట్లోకి వెళ్ళి, పక్కింటివాళ్ళు కూడా వింటుండగా చెప్పేశాడు. పేర్లు ఇచ్చింది తనే. ఎందుకో తెలియదు, అడగలేదు. కట్టు కట్టడం తన పని, ఒక్కసారి కాలు చూడనిమ్మన్నాడు.

భూమవ్వ గడపకు అడ్డంగా నిలబడింది.

"తెల్వక ఇచ్చినవా, తెలిసి ఇచ్చినవా, మాకెట్ల ఎర్కైతది? నువ్వు లోపలికి రాకు," అంది.

నాగేంద్రమ్మను మాత్రం రానిచ్చింది. అతను గోడ అవతల కూర్చుని, నీళ్ళు ఎంత కాగాలో, చీము ఎటు నుంచి తీయాలో, కట్టు ఎంత బిగించాలో చెబుతుంటే, లోపల ఆమె ఆ పనులు చేసేది. పది రోజులు అలాగే గడిచింది. ఈలోగా అతను ఏడో గడి ఇక నింపనని సంఘానికి రాసి పంపాడు. ఇక మీ సేవలు చాలని జవాబు వచ్చింది. అయినా రావడం మానలేదు.

పదకొండో రోజు నాగేంద్రమ్మకు జ్వరం. అతను ఒక్కడే వచ్చి గోడ దగ్గర కూర్చున్నాడు. కాసేపటికి భూమవ్వ బయటికి వచ్చింది.

"రా, నువ్వే కట్టు. నేను గిక్కడ్నే కూసుంట."

అతను కడుగుతున్నంతసేపూ ఆమె అతని చేతుల మీద నుంచి చూపు తీయలేదు. ముత్తన్న ఉగాది దాటాక కర్ర ఆనుకుని నడిచాడు. చెరకు కొట్టే రోజులన్నీ అప్పటికే పోయాయి.

ఎండాకాలానికి ఊళ్ళో పదకొండు ఇళ్ళ కుండలకు గుడ్డలు కనిపించాయి. భూమవ్వ కుండకూ ఉంది. నర్సన్న దానివైపు చూడడం ఆమె గమనించింది.

"పంతులమ్మ చెప్పిందని కట్టిన. నువ్వు చెప్పినవని గాదు," అంది.

మంచిదే అని అతను పక్కింటికి వెళ్ళాడు.