డ్యూటీ దిగని కుర్చీ

పొద్దున్నే ఎర్లీన్ తన కూతురు డెల్ఫీన్‌కి నడుస్తూనే టిఫిన్ పెట్టేది. డెల్ఫీన్ ఏ కుర్చీలో కూర్చున్నా అది మెల్లగా జరుగుతూ తలుపు పక్కకి పోయి, గోడకి వీపు ఆనించుకుని ఆగేది. ఎర్లీన్ మొక్కజొన్న గ్రిట్స్ జావ గిన్నె పట్టుకుని వెనకాలే వెళ్ళేది. కూతురు సైన్యం నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఇదే వరస. చర్చిలో అయితే బెంచీ మొత్తం కదిలేది. దానిమీదున్న పెద్దమ్మలు పాట ఆపకుండానే తలుపు దాకా ప్రయాణం చేసేవాళ్ళు. సైనిక స్థావరం పక్కనే ఉన్న లీస్‌విల్ ఊళ్ళో ఇంటికో సైనికుడున్నాడు, ఇలాంటివి ఎవరికీ వింత కాదు.

చిక్కంతా కాలేజీలో వచ్చిపడింది. సైన్యంలో చేసినందుకు డెల్ఫీన్ నర్సు చదువు ఖర్చు సర్కారే భరిస్తోంది. ఆ హక్కుకి ఈ ఏడాదితో గడువు తీరిపోతుంది. ఆ తర్వాత తను పనిచేసే గోదాములో వచ్చే జీతంతో చదవడం కల్ల. అయితే క్లాసులో హాజరు పడితేనే సర్కారు ఒప్పుకుంటుంది. ఈ కుర్చీకేమో గది తలుపు చాలలేదు. మూత్రపిండాల పాఠం సగంలో ఉండగా గీరుకుంటూ బయల్దేరి, వరండా దాటి, కాలేజీ గేటు దగ్గరకెళ్ళి ఆగేది. తాడేసి బల్లకి కడితే బల్లనీ ఈడ్చుకుపోయింది. పోనీ నిలబడి విందామంటే కాళ్ళే గేటు వైపు లాగేవి. టీచరమ్మ మంచిదే, కానీ ఇంకొక్కసారి గడప దాటితే పేరు కొట్టేయక తప్పదని చెప్పేసింది.

కాలేజీలో మాజీ సైనికుల వ్యవహారాలు చూసేది ఓజెల్ గారు, వియత్నాం వెళ్ళొచ్చిన ముసలాయన. పేరు కొట్టేయించుకునే బదులు తనే మానేస్తానని డెల్ఫీన్ ఆయనతో చెప్పింది. ఆయన ఇంకోటి అడిగాడు.

"ఆఖరి డ్యూటీ ఎక్కడమ్మా?"

"ఎడారిలో. క్యాంపు గేటు దగ్గర కాపలా."

"నిన్ను డ్యూటీ దింపిందెవరు?"

ఉన్నట్టుండి లారీ వచ్చిందనీ, ఎక్కమన్నారనీ, ఎక్కేశాననీ డెల్ఫీన్ చెప్పింది. ఆమె బదులు ఎవరూ రాలేదు. బదులు మనిషి వచ్చేదాకా కాపలా వదలకూడదని సైన్యంలో అడుగుపెట్టగానే నేర్పిస్తారు.

మర్నాడు కుర్చీ క్లాసు గడప దగ్గరికి వచ్చేసరికి, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఓజెల్ అడ్డంగా నిలబడి ఉన్నాడు. కుర్చీ ఆగింది.

"సార్జెంట్, ఈ గేటు ఇక నాది. నువ్వు దిగొచ్చు."

డెల్ఫీన్ లేచి నిలబడింది. గేటు దగ్గర అంతా నెమ్మదిగానే ఉందని, చెప్పుకోదగ్గదేమీ జరగలేదని, ఆ ఎడారిలో చెప్పాల్సిన మాటలు ఇన్నేళ్ళకి చెప్పింది. "ఇక మీదే," అంది. ఆమె వెనకాల కుర్చీ తనంతట తానే తిరిగి మొదటి వరసలోకి పోయింది. వెళ్ళి కూర్చుంటే ఇక కదల్లేదు.

టీచరమ్మని మూత్రపిండాలు మొదట్నించీ చెప్పమని అడిగింది.

ఆరోజు నుంచీ ప్రతి క్లాసుకీ ఓజెల్ మడతకుర్చీ వేసుకుని, వరండా వైపు తిరిగి గుమ్మంలో కూర్చునేవాడు. నర్సుగా పాసైన రోజు డెల్ఫీన్ ముందుగా ఆయన దగ్గరికే వచ్చింది.

"ఓజెల్ గారూ, గేటుకి తాళం వేసేశాను. మీరూ దిగండి."

ముసలాయన వెంటనే లేవలేకపోయాడు. వియత్నాం నుంచి వచ్చాక ఆయన్ని దిగమన్నవాళ్ళే లేరు. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, లేచి, కుర్చీ మడిచాడు.